డయానా ఊపిరి కోసం

పుదుచ్చేరి
12 జూన్ 2023

అమ్మా,

ఉత్తరం చూసి కంగారు పడకు, ఎవరికీ ఏమీ కాలేదు. ఫోన్‌లో చెబుదామంటే నీ ఎడమ చెవి సంగతి తెలిసిందే. నేనిక్కడ అరవాలి, నువ్వక్కడ స్పీకరు పెట్టాలి, మన సందులో వాళ్ళంతా అన్నం తింటూ వినాలి. మెసేజ్ పెడదామంటే నీ ఫోన్ మీ ఆశా కార్యకర్తలందరి చేతుల్లోనూ తిరుగుతుంది. పోయినసారి నేను మొదలుపెట్టగానే "సిగ్నల్ లేదమ్మా" అని పెట్టేశావు. సిగ్నల్ ఉంది. వినలేక పెట్టేశావు.

అందుకే రాస్తున్నాను. చెన్నైలో ఉద్యోగం పోయింది. కొత్తగా తీసుకున్నవాళ్ళలో సగం మందిని మార్చిలో ఒకే మధ్యాహ్నం పంపించేశారు. నీ తప్పేమీ లేదని మేనేజరు పదే పదే అన్నాడు. తప్పు లేకపోతే ఎందుకు పొమ్మంటున్నారని అడగాల్సింది. అడగలేదు, మెడలో కార్డు తీసి ఇచ్చేసి వచ్చాను. తర్వాత చాలా రోజులు హాస్టల్లో పడుకుని గోడకేసి చూశాను. క్లాసులో ఫస్టు వచ్చినదాన్ని, నన్నెందుకు తీసేశారన్న ప్రశ్నకి నా దగ్గరే జవాబు లేకపోతే నీకేం చెప్పను?

ఇప్పుడు ఇక్కడ ఒక డైవింగ్ స్కూల్లో పని చేస్తున్నాను. సముద్రంలో దిగడానికి వచ్చే టూరిస్టుల పేర్లు రాసుకోవడం, వాళ్ళు విప్పిన సూట్లు కడిగి ఆరేయడం. మొన్న ఖాళీగా ఉంటే మా కోచ్ సెల్వి గారు "ఈతొచ్చా?" అన్నారు. కృష్ణలో నేర్చుకున్నానన్నాను. నన్ను పడవలో తీసుకెళ్ళారు. సముద్రంలోకి నిలువునా ఒక తాడు వేలాడదీస్తారమ్మా. సిలిండరూ గొట్టమూ ఏమీ ఉండవు. ఒక్కసారి గుండెల నిండా ఊపిరి పీల్చుకుని, తాడు వెంట కిందికి పోయి, ఆ ఊపిరితోనే పైకి రావాలి. దీనికి పోటీలు కూడా ఉన్నాయట. నేను చాలాసేపు ఉండగలిగానని సెల్వి గారు ఆశ్చర్యపోయారు. కింద ఎవరూ ఏమీ అడగరు. నాకదే నచ్చింది.

ఎవరైనా అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్. ఉద్యోగం పోయింది, ఇంకో పని దొరికింది అను. అంతే కదా.

మళ్ళీ మళ్ళీ వందనాలతో,
నీ డయానా


ఇబ్రహీంపట్నం
2 జులై 2023

డయానా తల్లికి,

నీ ఉత్తరం చేరింది. చదివి బ్యాగులో పెట్టుకున్నాను. ఇంట్లో పెడితే ఎవరి కంట్లోనైనా పడుతుందని పోలియో చుక్కల డ్యూటీకి కూడా మోసుకు తిరుగుతున్నాను.

అంతే కదా అని ఎంత తేలిగ్గా రాశావే! నువ్వు అక్కడ సముద్రంలో మునిగావు, నేనిక్కడ నేల మీదే మునిగాను. రింగు సెంటర్లో మీ కాలేజీ వాళ్ళు కట్టిన ఫ్లెక్సీ ఇంకా అలాగే ఉంది. కోటు వేసుకుని చేతులు కట్టుకుని నవ్వుతూ నువ్వు, పక్కన ఆ కంపెనీ పేరు. రోజూ దాని కిందనుంచే నేను ఆటో ఎక్కాలి. వానకి ఒక మూల చిరిగింది గానీ నీ మొహం చెక్కుచెదరలేదు.

పైగా నాది ఇంటింటికీ తిరిగే ఉద్యోగం. గర్భిణీల బరువు చూస్తుంటే వాళ్ళ అత్తలు కుర్చీ వేసి మరీ అడుగుతారు, "మార్తగారూ, అమ్మాయి ఎలా ఉందండీ? అమెరికా ఎప్పుడు పంపుతున్నారండీ?" అని. నువ్వు ఊళ్ళో లేవు కాబట్టి నీకు రోషం. ఊళ్ళో ఉన్నదాన్ని కాబట్టి నాకు సిగ్గు.

మీ నాన్న ఫెర్రీ రేవులో నీకు ఈత నేర్పిస్తుంటే ఆడపిల్లకెందుకయ్యా అన్నాను. "మునగకుండా ఉంటుందే" అన్నాడు. ఇప్పుడు కావాలని మునుగుతున్నావు. ఆయనుంటే నవ్వేవాడు. నాకు నవ్వు రావడం లేదు.

చెప్పాల్సినవాళ్ళకి చెప్పాల్సింది చెప్పాను. ఇంకెవరూ అడగరు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో నీ పేరు పెట్టారు, అందరూ నీ కోసం కన్నీళ్ళతో ప్రార్థిస్తున్నారు. తలంటుకుని తడి జుట్టుతో పడుకోకు. ఆ సూట్లు కడిగే పనికి చేతులకి తొడుగులు వేసుకో.

దేవుని కాపుదలలో నిన్ను ఉంచుతూ,
మీ అమ్మ మార్త


పుదుచ్చేరి
9 నవంబరు 2023

అమ్మా,

క్షేమం. నువ్వు పంపిన అల్లం మురబ్బా అందింది. కానీ మిగతావన్నీ ఏమిటి? మన చర్చి పాస్టరు అయ్యగారి భార్య ప్రార్థన చేసిన నూనె పంపారు. పియానో వాయించే జోయెల్ అన్న పట్టుతేనె పంపాడు. పక్కింటి మాణిక్యమ్మ మామ్మ కరక్కాయలు, తాలింపు గింజలంత చిన్న అక్షరాలతో రాసిన చీటీ పంపింది. "వెల్లకిలా పడుకోకమ్మా, తలకింద ఎత్తు పెట్టుకో" అని. నేనెలా పడుకుంటే మామ్మకెందుకు? మొన్న అయ్యగారు ఫోన్ చేసి "ధైర్యం విడవకమ్మా, ఆయన మరణాన్నే జయించినవాడు" అన్నారు. ఉద్యోగం పోతే ఇంత ఓదార్పా? మన చర్చిలో ఇంతకుముందు ఉద్యోగం పోయినవాళ్ళే లేరా?

నాకు మాత్రం ఏడుపొచ్చిందమ్మా. వీళ్ళంతా నన్ను చూసి ఏమనుకుంటారోనని భయపడ్డాను. వీళ్ళేమో తేనె పంపారు. ఉన్న విషయం ధైర్యంగా చెప్పినందుకు నిన్ను చూస్తే గర్వంగా ఉంది.

ఇక్కడి సంగతి. పొద్దున్నే సముద్రం, తర్వాత ఆఫీసు పని. లోతుకి పోతే చెవులు నొక్కేస్తాయి, ముక్కు మూసి గాలి చెవుల్లోకి నెట్టుకోవాలి. ఇంకా ఆగితే డొక్కలు వాటంతటవే ఎగురుతాయి. ఊపిరి అయిపోయిందని కాదు, ఒళ్ళు భయపడుతోందని అర్థం. దాంతో పోట్లాడకూడదు. పోయిన నెల నేను పోట్లాడాను, పైకొచ్చి స్పృహ తప్పాను. సెల్వి గారు పక్కనే ఉండి మొహం నీళ్ళలో పడకుండా పట్టుకున్నారు, రెండు క్షణాల్లో లేచాను. నీకు చెప్పకూడదనుకున్నాను, కానీ మనమధ్య దాపరికం ఎందుకు?

మార్చిలో అండమాన్‌లో జాతీయ పోటీలున్నాయి. నా పేరిచ్చారు. సాధన ఆపకూడదట, క్రిస్మస్‌కి రాను.

ప్రేమతో,
డయానా


ఇబ్రహీంపట్నం
16 డిసెంబరు 2023

డయానా తల్లికి,

స్పృహ తప్పిందని చదివి ఆ రోజు డ్యూటీకి పోలేదు. దాపరికం ఎందుకని అడిగావు. కొన్ని దాచాలే తల్లీ, దాచకపోతే బతకలేం.

ఒక్క మాట విను. చర్చి వాళ్ళెవరికీ నువ్వు తిరిగి ఉత్తరాలు రాయకు. ఎవరు ఫోన్ చేసినా "దేవుని దయ" అని పెట్టెయ్. ఆ సముద్రం ఫోటోలు ఎక్కడా పెట్టకు, నీకు దణ్ణం పెడతాను. పోటీ గెలిచినా సరే, నీలోనే ఉంచుకో. ఎందుకని అడగకు.

క్రిస్మస్‌కి రానని రాశావు, పోనీలే, ఈసారికి అదే మంచిది. క్యారల్స్ వాళ్ళు మన ఇంటికొచ్చి పాడి, నీ కోసం ప్రత్యేకంగా మోకరించి వెళ్ళారు. మాణిక్యమ్మత్త మనవరాలు హెప్సిబాకి చలికి ఉబ్బసం ఎక్కువైంది. నేనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళి, పీల్చే మందు రాయించి, ఎలా నొక్కాలో ముసలామెకి నేర్పించాను. నొక్కినప్పుడల్లా పిల్ల నవ్వుతోంది, చక్కిలిగిలి పెట్టినట్టు. అమ్మానాన్నా లేని పిల్ల, ఆ ముసలామెకి అదే లోకం.

కేకు పంపుతున్నాను. బస్సులో నలిగితే తిట్టుకోకు.

మీ అమ్మ మార్త


పుదుచ్చేరి
14 మార్చి 2024

అమ్మకు,

పేపర్లో చూసే ఉంటావు. "ఇబ్రహీంపట్నం యువతికి స్వర్ణం" అని వేశారు. ఫోటో వాళ్ళకి నేనివ్వలేదు, పోటీ పెట్టినవాళ్ళు ఇచ్చారు.

బీటెక్‌లో నాలుగేళ్ళు చదివింది ఒక్కటీ నన్ను నిలబెట్టలేదు. ఊపిరి బిగబట్టి ఊరుకోవడం నిలబెట్టింది. తాడు అడుగున పలకకి కట్టిన చీటీ తెంపుకుని పైకి వచ్చాక, మొహం మీది అద్దం తీసి, చేత్తో సైగ చేసి, నోటితో "బాగున్నాను" అని చెప్పాలి. అప్పుడే అది లెక్కలోకి వచ్చిందని తెల్ల కార్డు చూపిస్తారు. నాకు చూపించినప్పుడు పడవలో అందరూ అరిచారు. నాకు మాత్రం, ఇది విని అమ్మ ఏ చెవిలో దూది పెట్టుకుంటుందో అనిపించింది.

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. ఫోటోలు పెట్టకు, గెలిచినా చెప్పకు, క్రిస్మస్‌కి రాకపోతేనే మంచిది! ఒంటికి అతుక్కున్న రబ్బరు సూటులో కూతురు కనిపిస్తే స్త్రీల సమాజంలో నీకు తలకొట్టేసినట్టు ఉంటుంది, అంతేగా? ఉద్యోగం పోయినప్పుడు వాళ్ళు నన్ను కడుపులో పెట్టుకున్నారు. గెలిస్తే నువ్వు నన్ను దాచిపెడుతున్నావు. ఓడిపోయిన కూతురు పనికొచ్చింది, గెలిచిన కూతురు సిగ్గుచేటయింది. ఇంకెలా ఉంటే నీకు మొహం చెల్లుతుందో చెప్పు, అలాగే ఉంటాను.

డయానా


ఇబ్రహీంపట్నం
20 మార్చి 2024

తల్లీ,

నువ్వన్నది కాదు. రబ్బరు సూటు కాదు, ఏ సూటూ కాదు. నిన్ను పేపర్లో చూసి ఆ కాగితాన్ని ముద్దు పెట్టుకున్నాను, నమ్మితే నమ్ము.

పోయినేడు ఆ శుక్రవారం అయ్యగారు యేసుకుమార్ గారు ప్రార్థన మనవులు అడిగారు. ఒకామె కొడుకు వీసా అంది. ఒకామె కూతురి నిశ్చితార్థం అంది. నా వంతు వచ్చింది. నీ ఉద్యోగం సంగతి చెబుదామనే లేచాను, ప్రమాణంగా చెబుతున్నాను. లేచాక అందరి మొహాలూ చూశాను. బ్యాగులో నీ ఉత్తరం ఉంది, దాని నిండా ఊపిరి, ఊపిరి అని ఉంది. నా నోటికి అదే వచ్చింది. "మా డయానాకి ఊపిరి అందడం లేదండీ, ఊపిరితిత్తుల జబ్బు, ఏసీ గదులు పడక ఉద్యోగం మానిపించాను, సముద్రపు గాలికి పంపాను" అన్నాను. ఆశా కార్యకర్త చెబితే జబ్బు నిజమే అయ్యుంటుంది కదా. అందరూ ఏడ్చారు. నన్ను కౌగిలించుకున్నారు. ఎన్నాళ్ళకో నన్నెవరూ ఏమీ అడగలేదు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు. అప్పట్నుంచీ ప్రతి శుక్రవారం నలభై మంది పస్తులుంటున్నారు, లేని జబ్బు కోసం. నేనూ వాళ్ళతో పస్తుంటున్నాను.

ఇప్పుడు పేపరొచ్చింది. అబద్ధం బయటపడిందనుకుంటూనే చర్చికి వెళ్ళాను. అయ్యగారు పేపరు పైకెత్తి పట్టుకుని, "ఊపిరాడని బిడ్డ! ఒక్క ఊపిరితో సముద్రపు అడుగు చూసొచ్చింది! హల్లెలూయ!" అన్నారు. చర్చి అంతా లేచి చప్పట్లు కొట్టింది. నేను కూడా కొట్టాను. ఏం చేయను?

ఈస్టరు ఆరాధనలో నీ సాక్ష్యం వినిపిస్తామంటున్నారు. అయ్యగారు ఫోన్ చేసి రికార్డు చేసుకుంటారట. రెండు ముక్కలు చెప్పు తల్లీ. ప్రార్థనల వల్ల బాగున్నానని చెప్పు చాలు. చెప్పకపోతే ఈ ఊళ్ళో నేను ఏ గడపా ఎక్కలేను.

సిగ్గు లేని మీ అమ్మ


పుదుచ్చేరి
3 ఏప్రిల్ 2024

అమ్మా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీళ్ళలో దిగలేదు. కోపంతో ఊపిరి నిలవలేదు.

ఆ తేనె, ఆ నూనె, ఆ కరక్కాయలు. ఉద్యోగం లేని డయానాకి కాదన్నమాట. అన్నీ జబ్బు డయానాకి వచ్చాయి, నేను తిన్నాను.

చెప్పనని రాద్దామనుకున్నాను. ఇంతలో అయ్యగారి ఫోన్ వచ్చింది. నువ్వు రెండు ముక్కలే అడిగావు. నేను ఎక్కువే చెప్పాను. మెట్లెక్కితే ఆయాసం వచ్చేదని, రాత్రుళ్ళు కూర్చునే నిద్రపోయేదాన్నని. అవన్నీ నువ్వు రాయలేదు, నేనే కల్పించాను. ఆయన "అవునా తల్లీ" అంటుంటే ఇంకా చెప్పాలనిపించింది. పోటీ గెలిచినప్పుడు కూడా నన్నెవరూ అంత శ్రద్ధగా వినలేదు. చివర్లో "మందులేమైనా వాడావా అమ్మా?" అని అడిగారు. "ఒక్క మాత్ర కూడా వేసుకోలేదండీ" అన్నాను. లేని జబ్బుకి మందులెక్కడివి? మొత్తంలో అదొక్కటే నిజం.

ఫోన్ పెట్టేశాక నా గొంతంటే నాకే అసహ్యం వేసింది. నీ గడపలు నీకు దక్కాయిగా. ఇక కొన్నాళ్ళు నాకు రాయకు.

డయానా


ఇబ్రహీంపట్నం
10 జూన్ 2024

తల్లీ,

రాయకన్నావు. రాయక తప్పడం లేదు.

ముందు ఇది చదువు. హెప్సిబా బతికింది. ఇప్పుడు బాగానే ఉంది, గంజి తాగుతోంది.

ఈస్టరు రోజు నీ సాక్ష్యం వినిపించాక చాలామంది తమ ఫోన్లలోకి ఎక్కించుకున్నారు. మాణిక్యమ్మత్త కూడా జోయెల్ చేత ఎక్కించుకుందట. రోజూ సాయంత్రం పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుని వినేదట. నాకు తెలియదు. పోయిన ఆదివారం పక్కింట్లోంచి కేక విని పరిగెత్తాను. పిల్ల పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. డొక్కలు లోపలికి పోతున్నాయి, గాలి పోవడం లేదు. "పీల్చే మందేదీ అత్తా, ఎక్కడ పెట్టావు?" అని అరిచాను. మాణిక్యమ్మత్త నాకేసి వింతగా చూసింది.

"అది ఎప్పుడో మానిపించేశాగా మార్తా. మీ డయానా ఒక్క మాత్ర కూడా వాడలేదుగా! మందు నొక్కుతా ఉంటే దేవుణ్ణి నమ్మనట్టే కదే?" అంది.

ఆటోలో బెజవాడ తీసుకెళ్ళేసరికి పిల్ల నా చేతుల్లో వేలాడిపోయింది. దారి పొడుగునా మాణిక్యమ్మత్త ప్రార్థన చేస్తూనే ఉంది. నాకు మాత్రం ప్రార్థన రాలేదు. ఏ మొహం పెట్టుకుని అడగను? డాక్టర్లు గొట్టం వేసి బతికించారు. "ఇంటిపక్కనే ఆశా కార్యకర్త ఉండి మందెలా మానిపించారమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది. ఆ ఆశా కార్యకర్తని నేనేనని చెప్పాను.

నిన్న ఆరాధనలో సాక్ష్యాల వేళ లేచాను. అయ్యగారు నవ్వుతూ మైకు ఇచ్చారు. డయానాకి ఏ జబ్బూ లేదని, ఎప్పుడూ లేదని, ఉద్యోగం పోయిందని చెప్పాను. బిడ్డకి ఏమీ తెలియదని, నేను రాసిచ్చింది చదివిందని, పాపం నాదేనని చెప్పాను. అయ్యగారు మైకు తీసుకోవడానికి కూడా రాలేదు, దాన్ని నేనే బల్ల మీద పెట్టి వచ్చాను. బయట ఒక్కరు కూడా వందనం చెప్పలేదు. మాణిక్యమ్మత్త నా ముందునుంచే నడిచి వెళ్ళిపోయింది. రేపు ఏ గడప ఎక్కినా కుర్చీ వేయరు. వేయకూడదు.

రాత్రంతా ఒకటే ఆలోచన. నీకు ఉద్యోగం పోయిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నువ్వు చావుబతుకుల్లో ఉన్నావని చెప్పడానికి మాత్రం వచ్చింది. కన్నతల్లిని. ఏ తల్లికైనా ముందు ఏది నోటికి రావాలి?

వచ్చే నెల పోటీకి వేరే దేశం పోతున్నావని పేపర్లోనే చూశాను. జాగ్రత్త.

మార్త


పుదుచ్చేరి
18 జూన్ 2024

అమ్మా,

పోటీకి వెళ్ళడం లేదు. సెల్వి గారికి చెప్పేశాను, అంతా చెప్పాను. నీళ్ళలో దిగితే హెప్సిబా డొక్కలే కనిపిస్తున్నాయి. నేను సరదాగా ఆపుకునే ఊపిరి కోసం ఆ పిల్ల నీ చేతుల్లో కొట్టుకుంది. మళ్ళీ ఎప్పటికైనా దిగుతానేమో, ఇప్పుడు కాదు.

నన్నెందుకు తప్పించావు? నేను నువ్వు రాసిచ్చింది చదవలేదు. రాత్రుళ్ళు కూర్చుని నిద్రపోయానన్నది నేను. ఒక్క మాత్ర వేసుకోలేదన్నది నేను. మామ్మ రోజూ విన్నది నా గొంతు. శనివారం రైలెక్కుతున్నాను. దిగాక ముందు మన ఇంటికి రాను, మాణిక్యమ్మ మామ్మ గుమ్మానికి వెళ్తాను. తలుపు తీయకపోతే అక్కడే కూర్చుంటాను. తిడితే వింటాను. ఆదివారం ఆ మైకు నాకూ కావాలి.

ముందు ఏది నోటికి రావాలని అడిగావు. ఏడాదిగా నీకు చెప్పనిది నా దగ్గరా ఒకటి ఉంది. నా ఉద్యోగం పోయినప్పుడు హాస్టల్లో అమ్మాయిలు, కాలేజీ ఫ్రెండ్స్, అందరూ ఎందుకు మానేశావని అడిగారు. తీసేశారని చెప్పలేకపోయాను. మా అమ్మకి గుండెజబ్బు, ఎక్కువ రోజులు బతకదన్నారు, అందుకే మానేశానని చెప్పాను. వాళ్ళూ ఏడ్చారు. ఒకమ్మాయి ఇప్పటికీ మెసేజ్ పెడుతుంది, అమ్మ ఎలా ఉందని. తగ్గలేదని రాస్తుంటాను.

ఆమెకి ఈరోజు నిజం రాశాను. ఇంకా జవాబు రాలేదు.

నీ కూతురు
డయానా